గృహిణీ గణితము: చెప్పెడి జీతము, చేతికి వచ్చెడి జీతము



భారతమున అరణ్యపర్వమునందు ద్రౌపది సత్యభామతో ముచ్చటించుచు, పాండవుల యాదాయవ్యయములన్నియు తానొక్కతెయే యెఱిగియుండెడిదానననును. నేడు మనలో నెందఱు ఇంటికి వచ్చెడి జీతములో నెలనెలయు నేమేమి కోతపడుచున్నదో చెప్పగలరు? కోనసీమలోనైనను రాజమహేంద్రవరమునందైనను పెండ్లిచూపులనాడు వినబడు జీతమొకటి, నెల మొదట బ్యాంకు ఖాతాలో జమయగునది మఱియొకటి. మొదటిదానిని నమ్మి ఇంటి అప్పు వాయిదాలకు తలయొగ్గిన సంసారములు తరువాత నెంత యిబ్బంది పడుచుండునో మనమెఱుగనిది గాదు.

కోతలు మూడు తెఱంగులు. రాష్ట్రమునకు పోవునది వృత్తిపన్ను. మన ఆంధ్రప్రదేశమున 1987 నాటి చట్టము ననుసరించి దీనిని వసూలు చేయుదురు. నెలజీతము 15,000 రూపాయల వఱకు ఏమియు లేదు. ఆపైన 20,000 వఱకు 150, అంతకు మించినచో 200 రూపాయలు. సంవత్సరమునకు 2,500 రూపాయలకు మించి ఈ పన్ను వేయరాదని రాజ్యాంగమే హద్దు పెట్టినది.

కేంద్రమునకు పోవునది ఆదాయపు పన్ను. 2025-26 సంవత్సరమున కొత్త పద్ధతి ప్రకారము జీతగాండ్రకు ఏటికి 12,75,000 రూపాయల వఱకు ఈ పన్ను లేదు. హైదరాబాదున కంప్యూటరు ఉద్యోగము చేయు కుమారునకు ఏటికి 15 లక్షల జీతమనుకొందము. అందులో 75,000 మినహాయింపు పోగా, మిగిలినదానిపై పన్నును, దానిపై నూటికి 4 వంతుల సెస్సును కలిసి 97,500 అగును. అనగా నెలకు 8,125 రూపాయలు జీతములోనే పట్టుకొందురు.

మూడవది మనకొఱకే దాచబడునది, ప్రావిడెంటు ఫండు. మూలవేతన కరువుభత్యములలో నూటికి 12 వంతులు ఉద్యోగి జీతమునుండి పోవును; యజమానియు అంతే చేర్చును. 2004 సెప్టెంబరు 1వ తేదీనుండి చేరిన ప్రభుత్వోద్యోగులకు దీనికి మాఱుగా కొత్త పింఛను పథకము క్రింద నూటికి 10 వంతులు మినహాయించుట యేర్పడినది.

ఇక నొక లెక్క చూతము. కాకినాడలో నొక కంపెనీవారు ఒక యువకునకు నెలకు 31,800 'సీటీసీ' యనిరి. సీటీసీ యనగా ఆ ఉద్యోగిపై కంపెనీకగు మొత్తము ఖర్చు. అందులో యజమాని ఫండునకు చేర్చు 1,800 కలిసియున్నది. అది తీసివేయగా అసలు జీతము 30,000. మూలవేతనము 15,000 అయినచో అతని వంతు ఫండు 1,800, వృత్తిపన్ను 200. ఆదాయపు పన్ను లేదు. చేతికి వచ్చునది 28,000. కొందఱు యజమానులు గ్రాట్యుటీని గూడ సీటీసీలో కలిపి చెప్పుదురు. అప్పుడు వ్యత్యాసము ఇంకను పెరుగును.

అమెరికా సంబంధములందును ఇదే జాగ్రత్త వలయును. అచ్చట దేశప్రభుత్వపు ఆదాయపు పన్ను గాక, సోషల్ సెక్యూరిటీకి నూటికి 6.2, మెడికేరునకు 1.45 చొప్పున సాధారణముగా కోయుదురు. టెక్సాసులో రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియాలోను న్యూజెర్సీలోను కలదు. డాలరులను రూపాయలుగా హెచ్చవేయుటకు ముందు కోతలు తీసివేయుట మంచిది.

ఈ లెక్క యెఱుగుట పొదుపునకు మాత్రమే కాదు. ప్రావిడెంటు ఫండు నియమముల ప్రకారము, పెండ్లికి ముందు వ్రాసియిచ్చిన నామినీ పేరు పెండ్లితో చెల్లకపోవును, మరల వ్రాసియియ్యవలెను. ఎందఱో పురుషులు ఈ సంగతి మఱచియుందురు. సభ్యుడు ఉద్యోగములోనుండగా మరణించినచో భార్యకు కుటుంబ పింఛనును, ఫండుతో ముడివడిన బీమా క్రింద గరిష్ఠముగా 7 లక్షల రూపాయల వఱకు సొమ్మును రావలసియుండును. ఈ బీమాకై ఉద్యోగి జీతమునుండి కాసైనను కోయరు గనుక జీతపు చీటిలో దీని జాడయే కనబడదు. తన హక్కు తానెఱుగని యిల్లాలు కష్టకాలమున కాగితములకై కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును.

కావున ఈ మాసమున మీరు చేయవలసిన పనులు మూడు. భర్తనడిగి జీతపు చీటి చూడుడు. మీరే ఉద్యోగినులైనచో మీ చీటిని మీరే చదువుకొనుడు. ఫండు ఖాతాలో నామినీగా ఎవరి పేరున్నదో కనుగొనుడు. బియ్యము, పాలు, పిల్లల ఫీజులు, అప్పు వాయిదాలు, అన్నియు చేతికి వచ్చిన మొత్తముమీదనే లెక్కవేసికొనుడు. అడుగుటకు మొగమాటమెందుకు? ఇల్లు ఇరువురిదైనప్పుడు లెక్కయు ఇరువురిదే.

వచ్చు సంచికలో బీమా పత్రముల సంగతి ముచ్చటించుకొందము.