బాలికల చూపు

మా నారాయణఖేడులో మాయొద్దకు చదువుకొన వచ్చు పదునాలుగేండ్ల బాలిక పుస్తకమును ముక్కున కానించి చదువుచుండగా, అది శ్రద్ధయని మేము మెచ్చుకొంటిమి. వీథి కావలనుండి మమ్ము పోల్చలేకపోయిన నాడుగాని మా పొరపాటు మాకు తెలియలేదు. చూపు మెల్లమెల్లగా మసకబారును గావున బిడ్డ తనంత చెప్పదు.

కనుగ్రుడ్డు మితిమీరి పొడవైనచో దూరపు వస్తువులు మసకగా కనబడును. దీనినే హ్రస్వదృష్టి యందురు. ఆముదము, చనుబాలు కంటిలో వేసినందున నిది కుదురదు. పైగా కన్ను చెడవచ్చును. తగిన సులోచనములు ధరింపవలెను. ధరించినచో చూపు తగ్గుననుట వట్టి అపోహ.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో ఆరంభమైన 'కంటి వెలుగు' మూలమున ఊరూర కన్నులు పరీక్షించి, సులోచనములు ఉచితముగా నిచ్చిరి. ఇచ్చినవానిని పెట్టెలో దాచిన నేమి ఫలము? మా బాలికకు వైద్యుడు వ్రాసియిచ్చిన సులోచనములను తల్లి యట్లే దాచినది, పెండ్లివారేమందురో యని. "అమ్మా, పెండ్లివారు బిడ్డను చూచుటకు ముందు బిడ్డ నల్లబల్లను చూడవలదా?" యంటిమి. ఆమె మారుపలుకలేదు, మరునాడు తానే బిడ్డకు తగిలించి బడికి పంపినది.

మీ పిల్లలను నేడే వాకిట నిలిపి, ఒక్కొక్క కన్నే మూయించి, దూరపు అక్షరములు చదివింపుడు. తడబడినచో వైద్యునికి చూపుడు. దినమునకు రెండు గంటలైన ఆరుబయట వెలుతురున ఆడనిండు. సెల్‌ఫోను కన్నులకు దూరముగా నుంచుడు.