రొట్టె దగ్గరే ఆగని విశ్వాసం

1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బాప్టిస్టు సంఘాల్లో ఈ అంకె తెలియనివారు తక్కువ. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం అంతకు ముందు గడిచిన ఏడాది. కరువు సాగినన్నాళ్ళూ ఒంగోలు మిషనులో బాప్తిస్మాలు ఆపేశారు.

అవి ధాత కరువు రోజులు. మద్రాసు రాజధానిలో లక్షల మంది తిండి లేక, కలరా సోకి పోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లఫ్‌కు సర్వే పని తెలుసు. కరువు పని కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో కొంత మేర కాంట్రాక్టు తీసుకున్నారు. వేలమంది అక్కడ మట్టిపని చేసి, కూలి తీసుకుని బతికారు. వారిలో చాలామంది మాదిగలు. పని చేయించే మేస్త్రీలు సంఘ బోధకులే. పని ఆగిన వేళ కూలీల పక్కన కూర్చుని, అలసినవాళ్ళను యేసు తన దగ్గరికి పిలుస్తున్నాడని చెప్పేవారు. పొద్దుటినుంచీ మట్టిగంప మోసినవాడికి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నారు. క్లఫ్ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చిందెవరో, క్రీస్తు కోసం వచ్చిందెవరో కరువులో తేలదు. వచ్చినవాడికే తేలకపోవచ్చు. అందుకే వచ్చినవాళ్ళకు పని ఇచ్చారు గానీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని అయిపోయాక, ఇక సాయం చేయడానికి తన దగ్గర డబ్బు లేదని తెగేసి చెప్పారు. మాకు డబ్బొద్దు, కష్టపడే బతికాం, చేతుల మీది బొబ్బలే అందుకు రుజువు అని వాళ్ళు జవాబిచ్చినట్టు ఆయన రాసిపెట్టారు. మళ్ళీ కరువొచ్చి చచ్చినా క్రైస్తవులుగానే చస్తామన్నారట. గుండ్లకమ్మ ఆ తరువాతి సంగతి.

కూటి కోసం మతం మారారని ఆ కూలీల మునిమనవళ్ళను ఈనాటికీ ఎత్తిపొడిచేవారున్నారు. ఆ బొబ్బల కథ వాళ్ళు వినాలి. వాళ్ళకంటే ముందు మనం వినాలి.

అన్నం పెట్టినందుకు క్లఫ్ విశ్వాసం అడగలేదు. విశ్వసిస్తే అన్నం పెడతాననీ అనలేదు. కృప అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపిన ఉదంతం మన తెలుగు సంఘ చరిత్రలో నాకు మరొకటి కనిపించలేదు. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో యేసు చేసిందీ ఇదే. ముందురోజు ఐదువేలమందికి కడుపునిండా పెట్టాడు. మర్నాడు పడవలెక్కి వెతుక్కుంటూ వచ్చిన ఆ జనానికి, మీరొచ్చింది తిన్న రొట్టెల కోసమేనని ముఖం మీదే చెప్పాడు. ఆకలి తీర్చినందుకు ఆయనకు విచారం లేదు. వాళ్ళ చూపు రొట్టె దాటి రాకపోవడమే ఆయన బాధ. చాలామంది శిష్యులు వెనక్కి మళ్ళారు. వాళ్ళను ఆపడానికి ఆయన ఇంకో రొట్టె చూపించలేదు.

ఇప్పటి మన కూటాల పోస్టర్లు చూడండి. వీసా, ఉద్యోగం, సంతానం, అప్పుల నుంచి విడుదల. క్రీస్తు పేరు ఉంటుంది, ఆ పట్టిక కింద. కానుక వేస్తే నూరంతలై తిరిగొస్తుందని వేదిక మీద నుంచి చెబుతున్నారు. దాన్ని కృప అనడానికి నాకు నోరు రాదు, అది వడ్డీ లెక్క. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డు తీసుకోవడం మంచి అలవాటే. ఆ కార్డును చేతపట్టుకుని, దేవుడు మనకేదో బాకీపడ్డట్టు ఏడాదంతా ఎదురుచూడటం ప్రమాదం.

మేలు అడగొద్దని నేను అనను. అనుదినాహారం అడగమని నేర్పింది ప్రభువే. కానీ పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. ఆ జవాబుతోనే ఆయన మిగిలిన సువార్త ప్రయాణం చేశాడు. హబక్కూకు అయితే చెట్టు కాయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్డిలో పశువు లేకపోయినా దేవునియందు సంతోషిస్తానన్నాడు. కరువు ఎరిగిన ప్రకాశం జిల్లా పల్లెల్లో ఆ మాట చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

నా మనసంతా ఒక తల్లి మీద ఉంది. ఆమె దాదాపు ప్రతి సంఘంలోనూ ఉంటుంది. సాక్ష్యాల వేళ పక్కింటావిడ లేచి, కొడుక్కి వీసా వచ్చిందని దేవుణ్ణి స్తుతిస్తుంది. ఈ తల్లీ ఉపవాసం ఉంది, ఈమె కూడా రాత్రంతా మోకరించింది. ఈమె కొడుక్కి రాలేదు. అందుకని లేవదు. తన మీద కృప లేదేమోనని లోపల కుమిలిపోతుంది. ఆ అనుమానం ఆమెకు నేర్పింది మనమే. పాస్టరుగార్లకు నా మనవి ఒక్కటే: వచ్చే ఆదివారం ఆమెను కూడా లేవమనండి. అడిగింది దొరకలేదు, అయినా ప్రభువును విడిచిపెట్టలేదు అని ఆమె చెబితే, వీసా వచ్చినవాళ్ళకు చెప్పినంత గట్టిగా సంఘమంతా ఆమేన్ చెప్పాలి.