అడిగి తెలుసుకొనుడి



ఇటీవల మా సంఘములో ఒక అవ్వను సమాధి చేశాము. మదనపల్లె దగ్గర 1915లో మొదలైన ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిలో ఆమె ఆయాగా పనిచేసింది. జ్ఞాపకార్థ కూడికలో మనుమలకు చెప్పను ఒక్క మాటా లేదు. తప్పు మాదీను, మేమూ అడగలేదు.

అందుకే సండేస్కూలు పిల్లలకు నోటుపుస్తకాలిచ్చి పెద్దల యొద్దకు పంపుతున్నాము. “అప్పుడు బాగుండేదా?” అనవద్దు, అవునంటే మాట అయిపోతుంది. “తిరుపతి గంగజాతర వారములో మీ వీధి ఎట్లుండేది? మీ ఇంట ఏమి వండేవారు?” అనండి. మధ్యలో అడ్డురావద్దు. వ్రాసుకొనుటకు సెలవు అడగండి. వారి చిత్తూరు మాట దిద్దకండి.

యొర్దానులో ఎత్తిన రాళ్లేమిటని పిల్లలు అడుగుదురని యెహోషువ 4వ అధ్యాయము చెప్పుచున్నది. అడిగేవారు లేకుంటే రాయి రాయే. ఈ ఆదివారమే మీ అవ్వ ప్రక్కన కూర్చుండుడి.