చేతికి అబ్బవలసిన విద్య

మంత్రసానితనమునకు ఒప్పుకొన్న పిదప ఏది వచ్చినను పట్టవలసినదే యని సామెత. పరిహాసముగా వాడుకలో నున్నను, ఆ వృత్తియందలి బాధ్యత యెంతటిదో ఆ మాట తెలుపుచున్నది. అట్టి విద్యను కంప్యూటరు తెరపై, ఆన్‌లైన్ ద్వారా బోధింపవచ్చునా యన్నది నేడు విజ్ఞులు విచారింపవలసిన ప్రశ్న.

ఇది కేవలము ఊహ కాదు. 2020లో కోవిడ్ వలన కళాశాలలు మూతపడినప్పుడు నర్సింగు పాఠములు దేశమంతటను తెరమీదికి చేరినవి. అంతకుముందే, 2018లో, కేంద్ర ప్రభుత్వము ప్రసూతి సేవలకై మార్గదర్శకములను ప్రకటించి, నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణను నిర్దేశించెను. తెలంగాణ రాష్ట్రము 2017లోనే ఇట్టి శిక్షణకు పూనుకొన్నది. దీని అవసరమును తెలిసికొనుటకు ఒక్క లెక్క చాలును. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము నూరు కాన్పులలో శస్త్రచికిత్సతో జరిగినవి తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశపు సగటు 21.5 మాత్రమే. సహజ ప్రసవమునకు ఓర్పుతో తోడు నిలువగల నిపుణురాండ్రు పెక్కుమంది కావలెను. వారిని తీర్చిదిద్దగల గురువులు కొలదిమంది.

ఇచ్చట తెర చేయగల మేలు కలదు. నొప్పులు ముదురుకొలది గర్భాశయ ముఖము విచ్చుకొను తీరును గుర్తించు రేఖాపటమునకు పార్టోగ్రాఫని పేరు. విద్యార్థిని దానిని తెరపై పదిమార్లు తప్పుగా గీసినను ఏ తల్లికిని హాని లేదు. కడుపులోని బిడ్డ గుండె నిమిషమునకు 110 మొదలు 160 మార్లు కొట్టుకొనుట సహజము. ఆ సవ్వడి మందగించినప్పుడెట్లుండునో ధ్వనిముద్రణలో మరల మరల వినవచ్చును. మారుమూల జిల్లాలోని విద్యార్థినికిని నగరమునందలి గురువు పాఠము అందును.

కాని కాన్పైన పిమ్మట గర్భాశయము బంతివలె గట్టిపడినదో, మెత్తబడి రక్తస్రావమునకు దారితీయుచున్నదో పొత్తికడుపుపై నుంచిన అరచేయి చెప్పవలెను. లోపలి బిడ్డ తల ఏవైపున నున్నదో వ్రేళ్ల కొనలు చెప్పవలెను. తల్లడిల్లు తల్లి కన్నులలోని భయమును గ్రహించి నడుము నిమురుట ఏ తెరయు నేర్పజాలదు. ఒడ్డున కూర్చుండి ఈత నేర్చినవారు లేరు గదా!

కావున తెర వలదనుటయు, తెరయే చాలుననుటయు రెండును పొరపాటే. అసలు ప్రమాదము వేరొకటి కలదు: తెర ముందు గడచిన గంటలను ప్రసూతి గదిలో గడపినట్లు లెక్కించుట. ఖర్చు తగ్గించుకొనగోరు నిర్వాహకులకు ఇది సులభమైన దారి. తెర వలన గురువునకు మిగిలిన కాలమంతయు ప్రసూతి మంచముకడ, విద్యార్థిని ప్రక్కన వినియోగపడవలెను. స్వయముగా చేయవలసిన కాన్పుల సంఖ్యలో ఒక్కటియు తగ్గింపరాదు. పట్టా ఇచ్చుటకు ముందు జ్ఞాపకశక్తితోపాటు చేతిని కూడ పరీక్షింపవలెను.

ఉపాధ్యాయులెల్లరు గమనింపదగిన విషయము ఇందు కలదు. కంటితో, చెవితో నేర్వదగిన భాగమేదో, గురువు చెంత నిలిచి చేతితో నేర్వదగిన భాగమేదో వేరుపరచిన పిదపనే బోధనసాధనమును ఎన్నుకొనవలెను. ఇతర విద్యలలో ఈ వివేకము లోపించినచో ఒక యేడు వృథ యగును. ప్రసూతి విద్యలో లోపించినచో రెండు ప్రాణములు అపాయమున పడును.