ఆనకట్టకు లెక్క, ఆయుధమునకు లెక్క లేదా?

భద్రాచలమునకు ఎగువను గోదావరి గట్టున దుమ్ముగూడెమను గ్రామము కలదు. పర్ణశాలకు పోవు యాత్రికులు ఆ దారినే పోవుదురు గాని, అచ్చటి పాత ఆనకట్టను నిలిచి చూచువారు తక్కువ. నాగపురము, బేరారు సీమల ప్రత్తిని పడవలపై సముద్రమునకు దింపవలెనని ఆర్థరు కాటన్ తలపెట్టిన పథకములో నిది యొక భాగము. హేగ్ అను ఇంజనీరు మన్యపు జ్వరములకోర్చి ఆ పనిని నడిపించెను. వ్యయమునకు తగిన ఫలము కానరాదని ప్రభుత్వము 1871లో దానిని నిలిపివేసెను.

నిలుపుట తప్పో యొప్పో యిచట వాదింపను. లెక్క చూచి నిలిపిరి; ఆ మాట చాలును. అదే ప్రభుత్వము ఏడేండ్లకు, 1878లో, ఆఫ్గనిస్థానముపై దండెత్తినప్పుడు ఆ లెక్క యేమయ్యెను? దక్షిణదేశమున లక్షల ప్రాణములను బలిగొన్న కరవు అప్పుడే ముగిసినది. మరల కరవు వచ్చిన ఆదుకొనుటకని క్రొత్త పన్నులు వేసిరి. ఆ ధనము యుద్ధమునకు మరలినదని నాడే విమర్శకులు మొరపెట్టిరి. 1880లో లెక్క తేలగా యుద్ధవ్యయము అంచనాకు రెట్టింపు దాటియుండెను. ఆనకట్టను ఆపిన కలము సేనను ఆపలేకపోయినది.

ఆ దొరలు పోయిరి. ఆ యలవాటు పోలేదు. దేశరక్షణ యన్నంతనే మనము లెక్క యడుగుట మానుదుము. అడిగినవానిని పిరికివాడందుము, ఒక్కొక్కప్పుడు ద్రోహి యనియు నందుము. 2024లో ప్రపంచదేశములు సేనలకై వెచ్చించినది 2,71,800 కోట్ల డాలర్లు. ఇంత పోసినందుకు అంత బలము చేకూరెనా?

యుద్ధభూమి చెప్పు సాక్ష్యము వినుడు. 2022 ఏప్రిలులో, చెప్పుకొనదగిన నౌకాబలము లేని యుక్రెయిన్ ప్రయోగించిన క్షిపణులు తగిలి, నల్లసముద్రమున రష్యావారి ప్రధాన యుద్ధనౌక ‘మాస్క్వా’ మునిగెను. 2025 జూన్ 1న అదే యుక్రెయిన్, లారీలలో దాచి తెచ్చిన చిన్న డ్రోనులతో, తన సరిహద్దునకు నాలుగువేల కిలోమీటర్ల కావల సైబీరియాలో నిలిచిన బాంబరు విమానములను తగులబెట్టెను. ఎర్రసముద్రమున 2023 చివరినుండి హూతీలు విడిచిన డ్రోనుల వెల వేల డాలర్లు. వానిని కూల్చుటకు అమెరికా నావికులు వాడిన క్షిపణులలో ఒక్కొక్కదాని వెల ఇరువది లక్షల డాలర్లు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమని మన పెద్దలు నవ్వినది ఇట్టి పనినే. పైగా నేటి పిచ్చుకలు వేలకొలది వచ్చును. బ్రహ్మాస్త్రములు కొలదిగానే యుండును.

“అట్లయిన సేనయే వలదా?” యని కొందరడుగుదురు. వలదనుట లేదు. 2025 మే నెలలో పాకిస్థాను డ్రోనులు మనపైకి వచ్చినప్పుడు రక్షణసాధనములు లేకున్న మన గతి యేమి? నాడు పనిచేసిన వానిలో, హైదరాబాదునందలి భారత్ డైనమిక్స్ సంస్థ తయారుచేయు ‘ఆకాశ్’ క్షిపణియు కలదు. తగిన పనిముట్టు తగినచోట నుండుట వలన కలిగిన మేలది. పద్దు పొడవు వలన కలిగినది కాదు. 2025-26 సంవత్సరమునకు మన రక్షణ పద్దు 6,81,210 కోట్ల రూపాయలు. అందు క్రొత్త ఆయుధములు మున్నగు మూలధనవ్యయమునకు 1,80,000 కోట్లు. పింఛనులకు 1,60,795 కోట్లు. ప్రాణమొడ్డిన సిపాయికి పింఛను మనము తీర్చవలసిన ఋణము. దానిని తగ్గింపుమనుట కృతఘ్నత. కాని ఋణము తీర్చుటను బలము పెంచుటగా చెప్పరాదు. పద్దు పెరిగినదని చప్పట్లు కొట్టువారు అందులో నేది పెరిగినదో చూచుట లేదు.

సేనలు లేకయే వచ్చు శత్రువులును కలరు. 2022 జూలైలో భద్రాచలమున గోదావరి 71 అడుగులు దాటెను. ఏటిగట్టు పల్లెలవారు ఇండ్లు విడిచి శిబిరములలో తలదాచుకొనిరి. వారికి కరకట్టయో, ఆసుపత్రియో కావలెనన్నచో వ్యయమెంత, ఫలమెంత యని పట్టిక గీయుదుము. మంచిదే, గీయవలసినదే. యుద్ధనౌకకును, యుద్ధవిమానమునకును అదే పట్టిక గీయుడని నా వాదము. ఇది యే శత్రువును ఆపును? దీనిని చెరచు ఆయుధము వెల యెంత? ఈ ధనముతోనే మరి యేమి కాపాడవచ్చును?

ఇల్లాలు తాళము కొనుటకు ముందు, దొంగ తలుపున వచ్చునో, పెంకు తీసి దిగునో ఆలోచించును. దేశమును నడుపువారికి ఆపాటి వివేకము వలదా? బడ్జెటు వెలువడిన నాడు చదువరులు తమ ప్రతినిధులను ఈ మూడు ప్రశ్నలు అడుగుదురు గాక. దుమ్ముగూడెములో చూచిన లెక్కను ఢిల్లీలోను చూడుమనుటకు మనకు హక్కు కలదు.