లంకాయాత్రకు ముందు

శ్రీలంకను తొలిసారి చూడబోవువారు పటము చూచి మోసపోవుదురు. ఆ ద్వీపము పొడవు సుమారు 435 కిలోమీటర్లు, వెడల్పు 225. వారము దినములలో చుట్టి రావచ్చునని తోచును. కాని అచ్చట ప్రయాణమును శాసించునవి వానలు, కొండదారులు.

మే మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనము కొలంబో, గాలే తీరములను, నడిమి కొండలను తడుపును. అప్పుడు తూర్పుననున్న తిరుకోణమల తీరము పొడిగా నుండును. డిసెంబరు నుండి ఫిబ్రవరి వఱకు ఈ వరుస తారుమారగును. కావున రెండు తీరములను ఒక్కమారే కోరక, ఆ నెలకు తగిన తీరము నొకదానిని, దానితో క్యాండీ నగరమును ఎన్నుకొనుట వివేకము. 1739 నుండి 1815 వఱకు క్యాండీ నేలినవారు మధురతో సంబంధముగల తెలుగు మూలపు నాయకవంశీయులని మన విద్యార్థు లెఱుగదగును.

యాత్రికుల రాక ఆ దేశమునకు వినోదవిషయము కాదు. తేయాకు, వస్త్రముల ఎగుమతులవలెనే అదియు విదేశద్రవ్యము తెచ్చు మార్గము. 2019 బాంబుదాడులు, పిదప కోవిడ్ ఆ మార్గమును మూసివేసెను. ఇతర కారణములును తోడై, 2022లో ప్రభుత్వము విదేశీఋణముల చెల్లింపు నాపివేసెను. ప్రజలు పెట్రోలుకై దినముల తరబడి బారులు తీరిరి. కోలుకొనుచుండగా 2025 నవంబరు చివర దిత్వా తుఫాను కొండచరియలను విఱిచి, రైలుమార్గములను దెబ్బతీసెను.

కొండరైలు నెక్కదలచినవారు మార్గస్థితిని ముందుగా విచారింపవలెను. ఒక దారి మూసియున్నదని యాత్రయే మానుట తగదు. ఊరివారి యిండ్లలో బసచేసినచో మన రూపాయి నేరుగా వారి పొయ్యిని చేరును. గాయపడిన దేశమునకు అతిథి రాకుండుట రెండవ గాయము.