బండి మనది, పానా ఎవరిది?

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో ఇవాళ ఆడవాళ్ళు నడిపే బళ్ళకు లెక్క లేదు. టీచర్లు, ఏఎన్‌ఎంలు, బ్యాంకు ఉద్యోగినులు, కాలేజీ అమ్మాయిలు. వాళ్ళను చూసి మనం మురిసిపోతున్నాం. హ్యాండిల్ పట్టుకున్న స్త్రీ మన కథల్లో, కవితల్లో స్వేచ్ఛకు గుర్తయింది. మరి దేవరకొండ దాటాక ఏ తండా దారిలోనో బండి ఆగిపోయిన స్త్రీ సంగతేమిటి? ఆగిన బండి దగ్గర ఆ స్వేచ్ఛ ఏమవుతుందని మనమెందుకు అడగలేదు?

మెకానిక్ షెడ్డులో జరిగేది అందరికీ తెలుసు. బండి ఆమెది, కిస్తీలు కట్టేది ఆమె. మెకానిక్ మాట్లాడేది మాత్రం వెంట వచ్చిన తమ్ముడితో. ఒంటరిగా వెళితే "సారు నంబర్ ఇయ్యిండ్రి మేడం, మాట్లాడుత" అంటాడు. ఏం పాడయిందో చెప్పడు, ఏం మార్చాడో చూపడు. బిల్లు మాత్రం ఆమెకే ఇస్తాడు. ఆ కుర్రవాణ్ణి నేను తప్పు పట్టడం లేదు. బడి మానేసి, ఉస్తాదు దగ్గర తిట్లు తింటూ పని నేర్చుకున్న పేదవాడు. కానీ అలా పక్కన కూచుని చూసి నేర్చుకునే అవకాశం వాళ్ళ అక్కకు లేదు. విషయమంతా అక్కడే ఉంది.

ఇంతకీ ఆ విద్య ఎంత గహనమైంది? స్పార్క్ ప్లగ్‌నే తీసుకోండి. సిలిండర్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమానికి నిప్పురవ్వ అంటించడం దాని పని. ఇంజన్ పూర్తిగా చల్లారాక, తీగను కాకుండా క్యాప్‌ను పట్టుకుని లాగాలి. చుట్టూ దుమ్ము తుడిచి ప్లగ్ పానాతో విప్పాలి. మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే గాలి చాలడం లేదేమో, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. మన చల్క నేలల దుమ్ముకు అది తొందరగానే మూసుకుపోతుంది. జిడ్డుగా నల్లగా ఉంటే లోపలికి ఆయిల్ వస్తోందని, తెల్లగా మాడి ఉంటే ఇంజన్ అతిగా వేడెక్కుతోందని అనుమానించాలి. అప్పుడు మెకానిక్ దగ్గరికే వెళ్ళాలి. రెండు మొనల మధ్య ఖాళీ చాలా బళ్ళకు 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సరైన అంకె బండితో వచ్చిన పుస్తకంలో చూడొచ్చు. తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి, వంకరగా ఎక్కితే అల్యూమినియం మరలు పాడవుతాయి. ఇరిడియం ప్లగ్గయితే ఉప్పు కాగితంతో రుద్దకూడదు, అరిగితే మార్చేయాలి.

ఇందులో మన చేతులకు కొత్తదేముంది? కుట్టుమిషను బాబిన్ విప్పి, సూది మార్చి, దారం బిగువు సరిచేసి, నూనె వేసేది ఎవరు? కుక్కర్ గ్యాస్కెట్ ఎప్పుడు సాగిందో, సేఫ్టీ వాల్వు ఎప్పుడు మార్చాలో చెప్పేది ఎవరు? దాన్ని ఎవరూ మెకానిక్ పని అనరు. ఆడవాళ్ళు చేస్తే అది 'ఇంటిపని', మగవాళ్ళు చేస్తే 'టెక్నాలజీ'. దసరా నాడు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసేది మనమే. సీటు కింద ఉన్న పానా మాత్రం ముట్టం.

లండన్ పత్రికల అచ్చు కంపోజిటర్ల మీద సింథియా కాక్‌బర్న్ 1983లో రాసిన పుస్తకం మనలో చాలామంది చదివాం, పాఠం చెప్పాం. నైపుణ్యాన్ని మగవాళ్ళు ఆస్తిలా ఎలా కాపాడుకున్నారో అందులో ఉంది. అంత దూరం వెళ్ళక్కర్లేదు. సాయుధ పోరాటంలో నల్గొండ జిల్లా స్త్రీలు తుపాకీ పట్టారు. మల్లు స్వరాజ్యం దళాన్ని నడిపారు. పోరాటం ముగిశాక ఎంతోమందిని పొయ్యి దగ్గరికే పంపిన సంగతి 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో వాళ్ళ నోటితోనే విన్నాం. అవసరం వచ్చినప్పుడు ఆయుధం చేతికిస్తారు, తీరగానే తీసుకుంటారు. పనిముట్టు మీద హక్కు మనదని మనమే స్థిరపరచుకోకపోతే ఎప్పుడూ ఇదే జరుగుతుంది.

"ఇప్పటి బళ్ళు వేరు, చేయి పెడితే పాడవుతాయి" అంటారు. సగం నిజం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా బళ్ళలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సార్ తప్పు పట్టుకోవాలంటే స్కానర్ కావాలి. అయినా పెట్రోలు బండికి ప్లగ్ ఉంటూనే ఉంది. కరెంటు బండికి అదీ ఉండదు, అక్కడ మూత తెరవడమే కష్టం. చదువుకునే అమ్మాయిలకు ఎలక్ట్రిక్ స్కూటీలు ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ మేనిఫెస్టో చెప్పింది. విప్పడం నేర్పుతామని ఏ పార్టీ చెప్పింది? 'రిపేరు హక్కు' మీద 2022లో కేంద్రం కమిటీ వేసినప్పుడు మన గొంతు ఎక్కడుంది?

2019 నవంబర్ 27 రాత్రి తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర, పోలీసులు చెప్పిన ప్రకారం, స్కూటీ టైరు గాలి తీసి, బాగుచేయిస్తామంటూ దగ్గరికొచ్చారు. ఒకప్పటి పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్ దగ్గర, చటాన్‌పల్లిలో ఆమె శవం దొరికింది. ఆమెకు బండి పని వచ్చి ఉంటే బతికేదని ఎవరైనా అంటే అంతకన్నా దుర్మార్గం లేదు. నేరం చేసినవాళ్ళదే. నేను చూడమనేది ఆ ఉచ్చును: బండి ఆగితే ఆడది దిక్కులు చూస్తుంది, సాయమంటూ వచ్చిన మగవాణ్ణి కాదనలేదు అన్న ధీమాను. ఆ తర్వాత మనకందిన సలహాలన్నీ భయం నేర్పేవే. వెలుతురున్న చోట నిలబడండి, ఫోన్ చేయండి, లొకేషన్ పంపండి. ఎన్‌కౌంటర్ చేసిన పోలీసుల మీద పూలు చల్లారు. కావాలనే కాల్చారని సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఈ హడావుడిలో మన చేతికి కొత్తగా వచ్చిన విద్య ఒక్కటీ లేదు.

"ఇంటిచాకిరీ చాలక ఇదొకటా?" అని అడిగే స్నేహితుల మాట కొట్టిపారేయలేను. అందరం మెకానిక్‌లం కావాలని కాదు. డబ్బిచ్చి పని చేయించుకోవడం చిన్నతనమూ కాదు. కానీ తెలిసి చేయించుకోవడం వేరు, తెలియక తలూపడం వేరు. మొదటిదాంట్లో మనం యజమానులం, రెండోదాంట్లో బతిమాలుకునేవాళ్ళం.

కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో ఆదిలక్ష్మి లారీ టైర్లు విప్పుతుంటే 2021లో పత్రికలు వింతగా రాశాయి. అది వింత కాని రోజు కావాలి. స్త్రీల అధ్యయన కేంద్రాలు సాధికారత మీద సదస్సులు పెట్టినన్నాళ్ళు పెట్టాయి. ఈసారి నల్గొండలోనో పాలమూరులోనో పెట్టే సదస్సులో ఒక పూట పత్రసమర్పణ మానేసి, బయట చెట్టు కింద నాలుగు బళ్ళు నిలబెట్టండి. పనెరిగిన మనిషిని పిలిచి, ఇచ్చే గౌరవవేతనం ఆ మనిషికీ ఇవ్వండి. చేతులకు మసి అంటితే సబ్బుతో పోతుంది.